రాత్రి బస కోసం గీసిన దారులు

మోటారుకారు కొత్తగా వచ్చిన రోజుల్లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు పెద్ద హోటళ్లకు దిగులు పట్టుకుంది. అప్పటిదాకా వాటి బతుకంతా రైలు మీదే. వేసవి రాగానే నగరాల్లోని కలవారు పెట్టే బేడా సర్దుకుని కుటుంబంతో సహా రైలు దిగి, వారాల తరబడి ఒకేచోట ఉండిపోయేవారు. కారున్నవాడికి ఆ కుదురు లేదు. ఇవాళ ఈ ఊరు, రేపు ఇంకో ఊరు.

ఆ తిరుగుడునే రాబడిగా మార్చవచ్చని కనిపెట్టినవాడు ఆల్మన్ జడ్. కనెటికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలో 1905లో తెరుచుకున్న ఎల్టన్ హోటల్ ఆయన చేతుల మీద నడిచింది. తోటి హోటళ్లవారిని కూడగట్టి ఆయన 'ఐడియల్ టూర్' అనే యాత్రకు రూపమిచ్చాడు. వాటర్‌బరీలో బయల్దేరి మసాచుసెట్స్, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ కొండల మీదుగా మెయిన్ దాకా పోయి తిరిగివచ్చే చుట్టు అది. దానికో పటం అచ్చువేసి ప్రచారం చేశారు. హోటళ్లవారి లెక్క ఇదీ: ఇవాళ నా గది ఖాళీ చేసినవాడు రేపు మీ హోటల్లో దిగుతాడు. నిన్న మరొకరి దగ్గర పడుకున్నవాడు ఇవాళ నా గుమ్మం ఎక్కుతాడు. పోటీదారులు ఇలా ఒకే గీత మీదికి రావడం నాకెంతో ముచ్చటగా అనిపిస్తుంది.

అలాంటి పటం ఎంత అక్కరకొచ్చిందో తెలియాలంటే ఆనాటి రోడ్లను తలుచుకోవాలి. వాటికి నంబర్లు లేవు. న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు ఉమ్మడిగా నంబర్లు పెట్టుకున్నది 1922లో, దేశమంతటికీ అవి వచ్చింది 1926లో. మట్టిబాట రెండుగా చీలినచోట ఎటు పోవాలో చెప్పే బోర్డు ఉంటే అదృష్టమే. 1901లో మొదలైన 'ఆటోమొబైల్ బ్లూ బుక్' మైళ్లు లెక్కగట్టి, దారిలోని గుర్తులు చెప్పి, మలుపు మలుపునూ మాటల్లో వివరించేది. పక్కన కూర్చున్నవాళ్లు చదువుతుంటే బండి నడపాలి. హోటళ్ల పటం మాత్రం ఇంకో ప్రశ్నకు జవాబిచ్చింది: చీకటి పడేసరికి ఎక్కడుంటాం? దూరాన్ని మైళ్లలో కాక ఒక పగటి ప్రయాణంగా చూపడమే దాని గొప్పతనమని నా నమ్మకం. అయితే పటం వేయించినవాడే గది అద్దెకిచ్చేవాడు. టూర్‌లో చేరని హోటల్‌కు అందులో చోటు ఆశించలేం.

ఈ దారులకు పేరు తెచ్చినవాటిలో 1905 నాటి గ్లిడెన్ టూర్ ఒకటి. న్యూయార్క్ నుంచి న్యూ హాంప్‌షైర్‌లోని బ్రెటన్ వుడ్స్‌కు పోయి వచ్చిన ఆ కార్ల యాత్ర సుమారు 870 మైళ్లు.

ఫ్రాన్సులో ప్రయాణికులకు బసలు చూపే పని టైర్ల కంపెనీ చేసింది. దేశంలో కార్లు ఇంకా కొన్ని వేలకు మించని 1900లో మిషెలిన్ సోదరులు హోటళ్ల వివరాలున్న గైడు 35,000 ప్రతులు వేసి ఉచితంగా పంచారు. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి.

అమెరికాలో హోటళ్ల పటాలను వెనక్కి నెట్టింది పెట్రోలు కంపెనీలు. 1913లో పిట్స్‌బర్గ్‌లో బంకు తెరిచిన గల్ఫ్ కంపెనీ కొద్దికాలానికే రోడ్డు మ్యాపులు ఉచితంగా పంచసాగింది. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. వాటికి ప్రయాణికుడు ఏ హోటల్లో దిగినా ఒకటే, కాబట్టి అన్ని దారులూ చూపించాయి. 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో తొలి మోటెల్ వెలిసింది. కారు గది ముందే ఆపుకునే వీలు దొరికాక, బస ఎక్కడో పొద్దున్నే తేల్చుకోవాల్సిన అవసరం తగ్గిపోయింది.