సౌరఘటాల జిగురు: సిలికోన్ చరిత్రలో ఒక ఘట్టం

1980 జూలై 18న నెల్లూరు తీరంలోని శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. (2022 నుంచి ఈ దీవి తిరుపతి జిల్లాలో ఉంది.) రాకెట్ల కథ మీకు తెలిసిందే. ఆ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పదార్థం ఒకటుంది: ఉపగ్రహాల సౌరఘటాలను అంటించే జిగురు. పైకి వెళ్లాక దానికి మరమ్మతు ఉండదు. జిగురు నల్లబడితే ఘటానికి కాంతి తగ్గుతుంది, ఉపగ్రహానికి విద్యుత్తు తగ్గుతుంది.

ముందుగా ఒక మాట. ఘటం సిలికాన్, జిగురు సిలికోన్. జవాబు పత్రాల్లో ఈ రెండూ తరచు కలిసిపోతుంటాయి. సిలికాన్ మూలకం. సిలికోన్ అనేది సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చుకున్న గొలుసు; దాని పక్కన మిథైల్ సమూహాలుంటాయి. ఇంగ్లండులో ఫ్రెడరిక్ కిపింగ్ వీటిని దశాబ్దాలపాటు పరిశోధించినా, వీటికి భవిష్యత్తు ఉందని అనుకోలేదు. 1940లో అమెరికాలో యూజీన్ రోచో చవకైన తయారీ పద్ధతి కనుగొన్నాకే పరిశ్రమ నిలదొక్కుకుంది.

1958లో వాన్‌గార్డ్-1 సౌరఘటాలతో అంతరిక్షానికి వెళ్లింది. రేడియేషన్ నుంచి కాపాడడానికి ఘటాలపై పలుచని గాజు అంటించేవారు. చిక్కల్లా మధ్యనున్న పారదర్శక జిగురుతోనే వచ్చింది: అతినీలలోహిత కాంతికి అది గోధుమరంగుకు తిరిగేది. అందుకని మొదట గాజుపై ఆ కాంతిని వెనక్కి పంపే పూత వేశారు. తరువాత సీరియం కలిపిన గాజు వచ్చింది. హానికరమైన కిరణాలను గాజే పీల్చుకుంటుంది. అంటే జిగురును కాపాడడానికి గాజును మార్చారన్నమాట.

సిలికోన్‌నే ఎందుకు ఎంచుకున్నారు? కక్ష్యలో ఎండా చీకటీ రోజుకు పలుమార్లు మారుతుంటాయి. తీవ్రమైన చలిలోనూ సిలికోన్ మెత్తగా సాగుతుంది. గట్టి ఎపాక్సీ అయితే పగలవచ్చు. ఇక కాంతి సంగతి. 300 నానోమీటర్ల కాంతికి మోల్‌కు సుమారు 400 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని తెంచాలంటే దాదాపు 450 కావాలి. కార్బన్-కార్బన్ బంధానికి 350 చాలు. అయితే ఈ లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. మిథైల్‌ను గొలుసుకు కలిపే సిలికాన్-కార్బన్ బంధం మరీ బలహీనమైనది. అయినా నేలమీదికి చేరే కాంతిని సిలికోన్ దాదాపు పీల్చుకోదు కాబట్టి అది నిలుస్తుంది. వాతావరణ రక్షణ లేని అంతరిక్షంలో 200 నానోమీటర్లకు లోపలి కాంతి కూడా తగులుతుంది. అప్పుడు మిథైల్ సమూహాలు ఊడి, గొలుసులు ఒకదానికొకటి ముడిపడి, పైపొర గాజులా బిరుసెక్కి బీటలు వారుతుంది.

నేలమీద వయసు మరోలా వస్తుంది. తీరప్రాంతంలో పాత అద్దాల కిటికీ ఏదైనా చూడండి. సిలికోన్ పట్టీ మీద దుమ్ము పట్టి ఉంటుంది, కాని లాగితే ఇంకా సాగుతుంది. ఊడితే అంచు దగ్గర, అల్యూమినియం చట్రాన్ని అంటుకున్న చోటే ఎక్కువగా ఊడుతుంది. ఉప్పుగాలి తేమ దూరేది అక్కడే.