సమావేశ నిర్వహణ: కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంత స్వచ్ఛంద బృందాలు

సమావేశ నిర్వహణ అంటే బృంద సభ్యులను ముందుగా తెలిపిన చోట, తెలిపిన వేళకు కూర్చోబెట్టి, చర్చను తీర్మానం దాకా నడిపించి, దాన్ని ఎవరు ఎప్పటిలోగా అమలు చేయాలో రాతలో పెట్టడం. తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ పరిసరాల్లో ఈ పనికి అదనంగా భాషాపరమైన చిక్కు ఒకటి ఉంది. విజయనగర, మధుర నాయకుల కాలపు వలసలతో ఈ నల్లరేగడి సీమకు చేరిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకుల ఇళ్లలో చాలాచోట్ల మాట తెలుగు, బడిలో నేర్చిన రాత తమిళం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్ ఈ వలస గాథనే 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలగా మలిచారు.

అందువల్ల తెలుగులో సాగిన చర్చ మినిట్స్ పుస్తకంలోకి, అంటే చర్చల సారాన్నీ తీర్మానాలనూ నమోదు చేసే పుస్తకంలోకి, తమిళంలో ఎక్కుతుంది. 'తీర్మానం' అన్న మాట రెండు భాషల్లోనూ ఉన్నదే కాబట్టి ఇబ్బంది పదాలతో కాదు. చర్చలో ఒకరు "చూద్దాంలే" అన్నది రాతలో 'ఒప్పుకున్నారు' అయిపోవడంతోనే. రాసినదాన్ని అక్కడికక్కడే బిగ్గరగా చదివి, తెలుగులో మళ్లీ చెప్పి, ఆ తరువాతే సంతకాలు తీసుకోవడం దీనికి తగిన విరుగుడు. వస్తూనే హాజరు సంతకం పెట్టించి, తీర్మానాన్ని తీరిగ్గా దానికింద రాసుకునే అలవాటు సౌకర్యంగానే కనిపిస్తుంది గాని, తగాదాలకు అదే మూలం.

మగళిర్ తిట్టం (మహిళా పథకం) కింద ఏర్పడిన స్వయం సహాయక బృందాల్లో సాధారణంగా 12 నుంచి 20 మంది ఉంటారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, లెక్క పుస్తకాలు వీటికి పంచసూత్రాలు. పొదుపు డబ్బును అందరి ఎదుట లెక్కపెట్టడం వల్ల చదువు రానివారికి కూడా లెక్క కంటికి కనిపిస్తుంది. అగ్గిపెట్టెల పనిలో చేసిన పనిని బట్టి కూలి ఇచ్చే పద్ధతి ఉన్న ఈ సీమలో, ఆలస్యంగా మొదలైన సమావేశం సభ్యురాలికి నేరుగా కూలి నష్టమే. ఈ మాట అధ్యక్షస్థానంలో కూర్చున్నవారికి తరచు గుర్తుండదు.

విద్యార్థి బృందాల కష్టం వేరు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) స్వచ్ఛంద సేవకులు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు పనిచేసి వెళ్లిపోతారు గనుక, కోవిల్‌పట్టిలోని జి. వేంకటస్వామి నాయుడు కళాశాల వంటి చోట్ల కొత్తగా చేరినవారికి నిరుడు ఏం నిర్ణయించారో తెలిపేది మినిట్స్ పుస్తకమే. కోరం, అంటే తీర్మానం చెల్లడానికి ఉండవలసిన కనీస హాజరు, పరీక్షల నెలల్లో దొరకడం కష్టం కాబట్టి ముఖ్య నిర్ణయాలను అంతకు ముందే ముగించుకోవడం మంచిది.

తమిళనాడు సంఘాల నమోదు చట్టం, 1975 కింద నమోదైన సంఘాలు ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి. నమోదు కాని చిన్న బృందాలకు ఆ నిబంధన వర్తించకపోయినా, చివరి తీర్మానానికీ తొలి సంతకానికీ మధ్య మిగిలిన ఖాళీని అడ్డగీతతో కొట్టేయడం మాత్రం అన్నిటికీ అవసరమే. ఆ రెండు వేళ్ల జాగాలోనే తరువాత కొత్త పంక్తులు మొలుస్తాయి.