ఏసీ గ్యాసు: ఇంటి చల్లదనం వెనుక చరిత్ర

ఇంటి ఏసీలో గది వేడిని బయటికి మోసుకుపోయే పదార్థాన్ని రిఫ్రిజిరెంట్ అంటారు. వాడుకలో అది గ్యాసే. "గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి" అన్న మాట ప్రతి వేసవిలోనూ వింటాం. కానీ ఇది వంటగ్యాసులా ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాల్లో మొదట నింపిన గ్యాసే ఏసీ పనిచేసినన్నాళ్లూ తిరుగుతూ ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో లీకయిందనే. ఈ గ్యాసుల చరిత్ర మొత్తం లీకు చుట్టూనే తిరిగింది. బయటపడిన గ్యాసు వల్ల చేటు ఎవరికి అన్న ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో జవాబు వెతుక్కుంది.

ఏసీ పనిచేసే తీరు మట్టికుండకు తెలిసిందే. కుండ గోడలోంచి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. కుండ ఆవిరి గాలిలో కలిసిపోతుంది, ఏసీలో మాత్రం దాన్ని వదలరు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్‌-32 మామూలు గాలి పీడనం దగ్గర మైనస్ 52 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. ఇండోర్ యూనిట్ కాయిల్లో అది గది వేడికే మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరిని ఔట్‌డోర్ యూనిట్లోని కంప్రెసర్ గట్టిగా నొక్కి, బయటి ఎండను మించిన వేడికి తెస్తుంది. అందుకే రోహిణి కార్తె మధ్యాహ్నం 44 డిగ్రీల్లోనూ అది తన వేడిని బయటి గాలికి ఇచ్చేసి మళ్లీ ద్రవమవుతుంది.

ఈ చక్రాన్ని యంత్రంగా మలిచి 1834లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నవాడు జేకబ్ పెర్కిన్స్. ఆయన వాడింది ఈథర్, ఇట్టే అంటుకునే ద్రవం. తర్వాత అమ్మోనియా వచ్చి పరిశ్రమల్లో స్థిరపడింది. నేటికీ ఐస్ ఫ్యాక్టరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో దాని ఘాటు ముక్కుకు తగులుతుంది. ఇళ్లలోకి వచ్చిన తొలి ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడారు. సల్ఫర్ డయాక్సైడ్ లీకైతే ఊపిరాడక మనుషులు బయటికి పరుగెత్తేవారు. మిథైల్ క్లోరైడ్‌కు అంత వాసన లేదు, అదే దాని ప్రమాదం. 1920ల చివర చికాగోలో ఇళ్ల ఫ్రిజ్‌ల నుంచి లీకైన ఈ గ్యాసుకు పలువురు బలయ్యారు. ఆ కాలంలోనే ఐన్‌స్టీన్, లియో సిలార్డ్ కలిసి, కదిలే భాగాలు లేని, లీకుకు తావివ్వని ఫ్రిజ్ కోసం పేటెంట్లు తీసుకున్నారంటే ఆ భయం ఎంతటిదో ఊహించవచ్చు.

1928లో థామస్ మిడ్జ్లీ బృందం దీనికి మందు కనిపెట్టింది. క్లోరిన్, ఫ్లోరిన్, కార్బన్ కలిసిన సీఎఫ్‌సీ అది. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో మిడ్జ్లీ ఆ గ్యాసును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదకు ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది, ఆయనకేమీ కాలేదు. విషం కాదు, మండదు అని ఒక్క ఊపిరితో చూపించాడు. 'ఫ్రియాన్' పేరుతో అది అమ్మకానికి వచ్చింది. ఆ కుటుంబంలోనిదే ఆర్‌-22. దశాబ్దాల పాటు విండో ఏసీ అంటే ఆర్‌-22 గ్యాసే. మెకానిక్‌లకు ఇంత అనుకూలమైన గ్యాసు మరొకటి లేదు.

దేనితోనూ కలవని ఆ స్థిరత్వమే తర్వాత శాపమైంది. సీఎఫ్‌సీలు విరగకుండా పైపైకి వెళ్లి, అక్కడ అతినీలలోహిత కిరణాలకు విరిగి, క్లోరిన్‌ను వదిలి ఓజోన్ పొరను తింటాయని 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ హెచ్చరించారు. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిందని కొలిచి చూపించారు. 1987 సెప్టెంబరు 16న ఓజోన్ పొరను కాపాడేందుకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారత్ 1992లో అందులో చేరింది. ఆర్‌-22లో హైడ్రోజన్ ఉండటం వల్ల చాలా భాగం కింది గాలిలోనే విరిగిపోతుంది, అందుకే దానికి గడువు ఎక్కువ దొరికింది. మన దేశంలో కొత్త పరికరాల తయారీలో దాని వాడకం 2024 చివరితో ముగిసింది.

దాని స్థానంలో వచ్చిన ఆర్‌-410ఏ రెండు గ్యాసుల సగంసగం మిశ్రమం. క్లోరిన్ లేదు కనుక ఓజోన్‌కు భయం లేదు. కానీ భూమిని వేడెక్కించే శక్తి? నూరేళ్ల లెక్కన కిలో ఆర్‌-22 సుమారు 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కిలో ఆర్‌-410ఏ 2,088 కిలోలతో సమానం. ఒక గాయం మాన్చబోయి ఇంకోదాన్ని పెద్దది చేశాం. దాన్ని సరిదిద్దడానికే 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలిలో మాంట్రియల్ ఒప్పందాన్ని సవరించారు. భారత్ 2021లో దాన్ని ఆమోదించింది. ఇలాంటి గ్యాసుల వాడకంలో మన తగ్గింపు 2032లో మొదలై 2047 నాటికి 85 శాతానికి చేరాలి.

ఇప్పటి కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉన్నది ఆర్‌-32. భూమిని వేడెక్కించే లెక్కలో దాని అంకె 675. 2012లో జపాన్‌లో డైకిన్ దీన్ని ఇంటి ఏసీల్లోకి తెచ్చింది. ఆ కంపెనీకి తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇప్పుడు ఏసీల ఫ్యాక్టరీ ఉంది. మన దేశంలో గోద్రెజ్ అదే కాలంలో ఆర్‌-290తో ఏసీలు చేసింది. ఆర్‌-290 అంటే శుద్ధమైన ప్రొపేన్, వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. దాని అంకె మూడు. కానీ భగ్గున మండుతుంది. ఆర్‌-32 కూడా కొద్దిగా మండేదే. మిడ్జ్లీ కొవ్వొత్తితో తరిమిన మంట భయం ఎనభై ఏళ్ల తర్వాత తిరిగొచ్చింది.

అందుకే ఇప్పుడు అసలు భారం మెకానిక్ చేతిమీద పడింది. గొట్టాలను బిగించే ఫ్లేర్ నట్ దగ్గర సబ్బునురగ రాసి బుడగ లేస్తోందా అని చూడటం, లీకు మాన్పకుండా గ్యాసు కొట్టకపోవడం, నింపేముందు వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేయడం చిన్న పనులు కావు. ఇల్లు మారేటప్పుడు నట్టు వదులు చేసి బుస్సుమని గ్యాసు వదిలేయడం ఇంకా చాలాచోట్ల జరుగుతోంది, చూస్తే మనసు చివుక్కుమంటుంది. లీకు లేని ఏసీకైతే దాని అవసరమే లేదు. ఏసీ నడుస్తుండగా అలెన్ కీతో సన్న పైపు వాల్వు మూసి, గేజి ముల్లు సున్నాకు చేరువవగానే లావు పైపు వాల్వు కూడా మూసి, వెంటనే ఏసీ ఆపేస్తే, గ్యాసంతా ఔట్‌డోర్ యూనిట్లోనే నిలిచి కొత్త ఇంటికి వెంట వస్తుంది.