గుడ్డ పడవలు తెరిచిన తీరం

స్కాట్లండ్ పడమటి తీరంలో సముద్ర కయాకింగ్ చరిత్రను చాలామంది జాన్ మెక్‌గ్రెగర్‌తో మొదలుపెడతారు. ఆయన 1865లో ‘రాబ్ రాయ్’ పడవలో ఐరోపా నదులు తిరిగాడు, మరుసటి ఏడు పుస్తకం వేశాడు, లండన్‌లో క్లబ్బు పెట్టాడు. అక్కణ్ణుంచి కథ నేరుగా 1959కి దూకుతుంది. ఆ ఏడు కెన్ టేలర్ గ్రీన్‌లాండ్ నుంచి ఒక వేట కయాక్ తెచ్చాడు. దాని పోలికతో తర్వాత ఫైబర్‌గ్లాస్ పడవలు వచ్చాయి. పడవ ఆకారానికి ఈ వంశావళి సరిపోతుంది గానీ, జనం సముద్రం మీదికి ఎలా వచ్చారో చెప్పదు. మెక్‌గ్రెగర్‌కు పేరు తెచ్చినవి నదులు. ఆయన వెంట నడిచినవాళ్లు తీరికా డబ్బూ ఉన్న పెద్దమనుషులు.

అసలు మలుపు 1930లలో, క్లైడ్ నది ఒడ్డున వచ్చిందని నా వాదన. చెక్క చట్రం మీద కాన్వాసు గుడ్డ బిగించి రంగు పూస్తే కయాక్ తయారు. ఓడలు కట్టే ఊళ్లలో ఆ చేతిపని తెలిసినవాళ్లకు కొదవలేదు. 1931లో యువజన వసతి గృహాల సంఘం ఏర్పడి, కొద్ది డబ్బుతో రాత్రి గడిపే చోట్లు చూపింది. ఆ డిసెంబరులోనే క్లైడ్‌బ్యాంక్‌లో, తర్వాత క్వీన్ మేరీగా పేరొందిన ఓడ పని ఆగిపోయి, 1934 ఏప్రిల్ దాకా మళ్లీ మొదలు కాలేదు; చాలామందికి పని లేకపోయింది.

అలాగని నిరుద్యోగమే కారణమనలేను. 1934లో గ్లాస్గో దగ్గర్నుంచి స్కై ద్వీపానికి కయాకుల్లో వెళ్లిన అలస్టేర్ డనెట్, షేమస్ ఆడమ్ కార్మికులు కారు, పాత్రికేయులు. గుడ్డ రాళ్లకు చిరుగుతుంది. వేసవి ముగుస్తోంది, వద్దని వాళ్లను వారించినవాళ్లూ ఉన్నారు. అయినా దారి పొడుగునా వాళ్లు పంపిన కథనాలు పత్రికలో అచ్చయ్యాయి. ఖరీదైన పడవ లేకపోయినా తీరం చూడొచ్చని పాఠకులకు తెలిసింది. 1939 నాటికే స్కాటిష్ కెనూ సంఘం ఏర్పడింది. అప్పటికి ఫైబర్‌గ్లాస్ కయాకులు లేవు. టేలర్ కూడా కెనూ క్లబ్బుల్లోంచి వచ్చినవాడే. గ్రీన్‌లాండ్ పడవ ఈ ఉద్యమాన్ని పుట్టించలేదు, అప్పటికే ఉన్న ఉద్యమం చేతికి అందింది.

1970ల తర్వాత పడవలు గట్టిపడ్డాయి. లోపల అడ్డగోడలూ, నీళ్లు చొరని మూతలూ వచ్చాయి. అవి ప్రాణాలు కాపాడాయి, వాటిని తక్కువ చేయను. 2003 భూసంస్కరణ చట్టం ఒడ్డున గుడారం వేసుకునే హక్కునూ ఇచ్చింది. కానీ కొత్త సముద్ర కయాక్ ఇప్పుడు వేల పౌండ్లు. దానికి తోడు దుస్తులు, శిక్షణ, కారు. తీరం అందరిదని చట్టం అన్నాక కూడా పడవ కొందరిదే కావడం నాకు మింగుడుపడదు. క్లబ్బులు శీతకాలంలో మళ్లీ చెక్కా గుడ్డా తెప్పించి, కుర్రాళ్ల చేత పడవలు కట్టించాలి.