కంపెనీలు వద్దన్న డ్రైవర్లు

తాగి నడిపేవాళ్లు, అడ్డదిడ్డంగా దూసుకుపోయేవాళ్లు కారు పుట్టినప్పటి నుంచీ ఉన్నారు. వాళ్లకు బీమా ఎవరివ్వాలన్న చిక్కు మాత్రం అమెరికాలో చట్టాలతోపాటే వచ్చింది. 1926లో కనెక్టికట్ అమల్లోకి తెచ్చిన చట్టం, ప్రమాదం చేసినవాడిని ఇకముందు నష్టం కట్టగల స్తోమత ఉందని రుజువు చూపమంది. మొదట గుద్దించుకున్నవాడికి దానివల్ల ఒరిగిందేమీ లేదు! 1927 నుంచి మసాచుసెట్స్ మరో అడుగు వేసింది: బీమా లేకపోతే కారుకు రిజిస్ట్రేషనే లేదు.

కొనడం తప్పనిసరి చేస్తే, అమ్మడానికీ ఎవరో ఒకరు ఉండాలి కదా. 1938లో న్యూ హ్యాంప్‌షైర్‌లో కంపెనీలు ఒక ఒప్పందానికొచ్చాయి. అందరూ కాదన్న దరఖాస్తుదారులను రాష్ట్రంలో ఎవరి వ్యాపారం ఎంతో ఆ నిష్పత్తిలో పంచుకున్నాయి. కాలిఫోర్నియా 1947లో దీన్నే చట్టం చేస్తే ఒక బీమా సంస్థ కోర్టుకెక్కింది. 1951లో సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షాన నిలిచింది. విచిత్రమేమిటంటే, ఈ పద్ధతికి దారి చూపిన న్యూ హ్యాంప్‌షైర్‌లో కారు బీమా నేటికీ అందరికీ తప్పనిసరి కాదు.

మిగతావాళ్లు తలనొప్పి అనుకున్నచోట ప్రోగ్రెసివ్ అనే బీమా సంస్థకు బేరం కనిపించింది. 1937లో క్లీవ్‌లాండ్‌లో పుట్టిన ఈ సంస్థ, 1956లో ఇలాంటి డ్రైవర్ల కోసమే ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టింది. ప్రీమియం ఎక్కువ, పోటీ తక్కువ. నేడది దేశంలోని అతిపెద్ద కారు బీమా సంస్థల్లో ఒకటి.

అసలు గుణపాఠం న్యూజెర్సీది. 1983లో అక్కడ, కంపెనీలు వద్దన్నవాళ్ల కోసం ఉమ్మడి సంస్థ ఒకటి ఏర్పడింది. రిస్కు ఎక్కువని అదనంగా వసూలు చేయకూడదన్నది నియమం. పాలసీలు రాసి, క్లెయిములు చూసే కంపెనీలకు రుసుం ముడుతుంది, నష్టం మాత్రం ఉమ్మడి ఖాతాలో పడుతుంది. ఇంకేముంది, ఏ మచ్చా లేని డ్రైవర్లను కూడా అందులోకే నెట్టారు. ఒక దశలో రాష్ట్రంలో దాదాపు సగంమంది డ్రైవర్లు అక్కడే తేలారు. లోటు 300 కోట్ల డాలర్లు దాటింది. 1990లో కొత్త చట్టంతో దానికి తెరదించి, అప్పు తీర్చడానికి బీమా కంపెనీలతోపాటు డాక్టర్ల మీద, లాయర్ల మీద కూడా రుసుం వేశారు. చవకగా ఇవ్వాలన్న సదుద్దేశాన్ని నేను తప్పుపట్టను. నష్టం ఎవరు భరించాలో తేల్చకుండా మొదలుపెట్టడమే తప్పు.

తాగి నడపడంలాంటి తప్పులకు శిక్ష పడ్డ డ్రైవర్ల నుంచి చాలా రాష్ట్రాలు ఎస్‌ఆర్-22 అనే పత్రం అడుగుతాయి. చాలామంది దాన్ని బీమా అనుకుంటారు. అది పాలసీ ఉందని కంపెనీ రాష్ట్రానికిచ్చే ధ్రువపత్రం మాత్రమే. పాలసీ ఆగిందంటే కంపెనీ ఆ కబురు రాష్ట్రానికి చేరవేస్తుంది, లైసెన్సుకు ముప్పొస్తుంది.

రిస్కు ముద్ర ఇప్పుడు తప్పు చేసినవాళ్లతో ఆగడంలేదు. చాలా రాష్ట్రాల్లో క్రెడిట్ స్కోరు కూడా ప్రీమియాన్ని పెంచుతుంది. కాలిఫోర్నియా, మసాచుసెట్స్ అందుకు ఒప్పుకోవు. హైదరాబాద్‌లో పదేళ్లు కారు నడిపి డాలస్‌లో దిగినవాడు చాలా కంపెనీల లెక్కలో నిన్న స్టీరింగ్ పట్టినవాడే. అతని మీద చలానా ఉండదు, క్లెయిమూ ఉండదు. అమెరికా రికార్డు లేకపోవడానికే అతను ఎక్కువ కడతాడు.