బొగ్గుకు పడ్డ బాట

తెలంగాణకు జాతీయ ఉద్యానాలు మూడున్నాయి: కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్‌లోనో, నగరం పొలిమేరలోనో ఉన్నవే. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరవచ్చు. రామగుండం దాటాక గోదావరికి ఉత్తరాన, ప్రాణహిత దాకా పరుచుకున్న నేలలో మాత్రం ఒక్కటీ లేదు. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రక్షిత ప్రాంతమైన కవ్వాల్ ఉంది. మొసళ్లకు శివ్వారం, కృష్ణజింకలకు ప్రాణహిత అభయారణ్యాలు ఉన్నాయి. ఇవన్నీ బతికున్న జంతువులకు ఇచ్చిన రక్షణలు. ఇదే నేలలో కోట్ల ఏళ్ల కింద చచ్చి రాయిగా మారిన జంతువులకు మాత్రం ఒక ఉద్యానం అంటూ లేదు. ఎందుకని అడిగితే, అదంతా మారుమూల, అక్కడిదాకా ఎవరొస్తారు అంటారు. ఆ మారుమూలతనం దానంతటది వచ్చింది కాదని, బొగ్గు ఉన్న చోటికే బాట వేసుకుంటూ పోవడం వల్ల తయారైందని నా వాదన.

బాటలు లేని రోజుల్లో ఈ ప్రాణహిత-గోదావరి లోయకు మనుషులు రాకుండా లేరు. కోట గ్రామం దగ్గరి సున్నపురాళ్లలో చేపల ఆనవాళ్లు, మలేరి ఎర్రమట్టిలో సరీసృపాల ఎముకలు పందొమ్మిదో శతాబ్దంలోనే పండితుల కంటబడ్డాయి. వాటి వెంటపడ్డవాళ్లలో నాగపూర్‌లో ఉండిన మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఒకరు. మొసలిని పోలిన ఒక ప్రాచీన జంతువుకు 1885లో ఆయన పేరే కలిపి పారాసూకస్ హిస్లోపి అని పెట్టారు. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1870ల మొదట్లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిన సంగతి సింగరేణిలో పిల్లలకు కూడా తెలుసు. ఆయనే 1881లో ప్రాణహిత-గోదావరి లోయ భూగర్భం మీద పెద్ద గ్రంథం వెలువరించాడన్నది తక్కువమందికి తెలుసు. ఆనాటి సర్వే అంటే చలికాలంలో దిగి, ఎండలు ముదరకముందే తిరుగుముఖం పట్టడం. డేరా, పడక, వంటసామాను బండ్లకెత్తి మజిలీ మజిలీకి పోవాలి. ఇప్పుడు క్యాంపర్ వ్యాన్ అని మురిసిపోతున్నది ఆ పద్ధతికి ఇంజను తగిలించినదే. కింగ్ గ్రంథంలో కింది బొగ్గు పొరలూ, వాటి మీది ఎర్రమట్టి పొరలూ ఒకే చరిత్రలోని అధ్యాయాలు. రెంటినీ విడదీసింది తర్వాత వచ్చిన వ్యాపారం.

1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ ఏర్పడింది. 1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తయి, అడవిని చీల్చుకుంటూ ఉత్తరానికి దారి పడింది. 1961లో రామగుండంలో గనులు తెరిచారు. అక్కడి నుంచి ఊరే గనిని బట్టి పెరిగింది. గోదావరిఖనిలో ఆటో ఎక్కితే ఫైవింక్లైన్, ఎయిటింక్లైన్ కాలనీ అనే చెప్పాలి. బాయి నంబరే చిరునామా. ఎన్టీపీసీ వచ్చాక గని నుంచి ప్లాంటుకు, ప్లాంటు నుంచి గనికి గుండ్రంగా తిరిగే ప్రత్యేక రైలుమార్గం వేశారు. దాంట్లో బొగ్గే తప్ప మనిషి ఎక్కడు. ఇది నిందగా అంటున్న మాట కాదు, ఆ బొగ్గుతోనే మన ఇళ్లలో దీపాలు వెలిగాయి. కానీ బొగ్గు ఆగిపోయిన చోటే బాట కూడా ఆగిపోయిందన్నది చూడాలి.

దట్టమైన అడవి, వానాకాలం పొంగే వాగులు, పోలీసులకూ నక్సలైట్లకూ మధ్య నలిగిన దశాబ్దాలు ఇవన్నీ లెక్కలోకి రావా అని అడగవచ్చు. తప్పకుండా వస్తాయి. కాకపోతే అదే అడవిలో 1929కే రైలు నడిచింది. ఆ దశాబ్దాల్లోనే బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ గనుల్లో మూడు షిఫ్టులూ నడిచాయి. అవసరం అనుకున్న చోట అడవి అడ్డు కాలేదు.

ఎముకల సంగతి చూద్దాం. సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ చొరవతో, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1950ల చివర్లో ఈ లోయలో అన్వేషణ మొదలుపెట్టింది. మహారాష్ట్రలోని సిరోంచా తాలూకా పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి వేరు) ఒక భారీ డైనోసార్ ఎముకలు వందల సంఖ్యలో బయటపడ్డాయి. 1975లో దానికి బరపాసారస్ టాగోరి అని నామకరణం చేశారు. రవీంద్రుని శతజయంతి కాలంలో దొరికింది కనుక ఆయన పేరు కలిపారు. దాని అస్థిపంజరం ఇవాళ కోల్‌కతాలో నిలబడి ఉంది. నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే తవ్వితీసిన మరో డైనోసార్‌ను 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్‌గా వర్ణించారు. దొరికిన ఎముకలు కనీసం పన్నెండు జంతువులవి. అది హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియం చేరింది. ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయంలో ఈ డైనోసార్ గురించి చదివినా యామన్‌పల్లి పేరు పలకాల్సిందే. ఆ ఊళ్లో పుట్టిన పిల్ల దాన్ని చూడాలంటే మాత్రం హైదరాబాద్ పోవాలి.

మ్యూజియానికి తరలించకపోతే ఆ ఎముకలు వానకు కరిగి, పశువుల కాళ్ల కింద నలిగి పోయేవంటారు. నిజమే, తీసినవాళ్లు మంచిపనే చేశారు. అయితే ఎముకను కాపాడటం ఒకటి, అది పడి ఉన్న నేలను కాపాడటం మరొకటి. ఈ తేడాను అమెరికాలో ఎడారి రాష్ట్రమైన అరిజోనా తొందరగానే గ్రహించింది. అక్కడి రాతిచెట్ల వనం, పెట్రిఫైడ్ ఫారెస్ట్, సుమారు 22 కోట్ల ఏళ్ల నాటిది. మన మలేరి ఎర్రమట్టి ఇంచుమించు ఆ కాలానిదే. హిస్లాప్ పేరు మోస్తున్న ఆ మొసలిలాంటి జంతువుకు దాయాదులు అక్కడి రాళ్లలోనూ ఉన్నారు. రైలు వచ్చాక జనం రాతిచెక్కలు మూటగట్టుకుని పోసాగారు. దుంగలను పొడిచేసి సానరాయి పొడిగా అమ్మాలని మిల్లు కూడా వెలిసింది. అక్కడి శాసనసభ 1895లో రక్షణ కోసం అర్జీ పెట్టింది, 1906లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారకం చేశాడు, 1962లో జాతీయ ఉద్యానమైంది. ఇవాళ ఆ ఎడారికి ఏటా లక్షల మంది వస్తారు. క్యాంపర్ వ్యాన్లలో వచ్చేవాళ్లలో తెలుగు కుటుంబాలకూ కొదవ లేదు. ఇంతా చేసి ఉద్యానం లోపల హోటల్ లేదు, వ్యాన్లు రాత్రి నిలిపే చోటూ లేదు. పొద్దుగూకేలోపు గేటు దాటాల్సిందే. రాత్రి బస హోల్‌బ్రూక్ లాంటి పక్క ఊళ్లలో. ఆ బేరం ఆ ఊళ్లకు దక్కుతుంది.

సందర్శకులు వస్తే అడవి పాడవుతుందన్న మాటకు ఇందులోనే జవాబుంది. అడవిని నరికి రిసార్టు కట్టనక్కర్లేదు. పడక, పొయ్యి వెంట తెచ్చుకున్న బండికి చదునైన కాస్త చోటు, నీళ్ల కొళాయి, మరుగుదొడ్డి చాలు, అదీ ఊరి దగ్గర. కేంద్ర పర్యాటక శాఖ క్యారవాన్ల విధానం చాలా ముందే ప్రకటించింది, కేరళ 2021లో తనదంటూ ఒకటి తెచ్చుకుంది. పార్కు కోసం బొగ్గు వదులుకోవాలా, కార్మికుడి కూలి సంగతేమిటి అని గనుల వైపు నుంచి ఇంకో ప్రశ్న రావచ్చు. వదులుకోనక్కర్లేదు. డైనోసార్లు దొరికిన కోట పొరల్లో గానీ, మలేరి పొరల్లో గానీ తవ్వి అమ్ముకోదగ్గ బొగ్గు లేదు. బొగ్గు అంతకంటే పాత పొరల్లో ఉంది. పార్కుకూ గనికీ మధ్య తగాదాకు తావే లేదు.

ప్రాణహిత నదికి ఆవలి గట్టున మహారాష్ట్ర అటవీశాఖ సిరోంచా దగ్గరి వడధంలో శిలాజ ఉద్యానం పెట్టి, రాయిగా మారిన చెట్ల కాండాలను ఉన్నచోటే చూపిస్తోంది. ఈవలి గట్టున మనం 2022లో సింగరేణి దర్శన్ పేరుతో బస్సు నడిపి భూగర్భ గని, ఓపెన్‌కాస్టు, జైపూర్ థర్మల్ కేంద్రం చూపించాం. మంచి ఆలోచనే, కానీ ఆ బస్సు కూడా బొగ్గు దారిలోనే పోయింది. కంపెనీలో 51 శాతం వాటా రాష్ట్రానిది, అటవీశాఖా రాష్ట్రానిదే. యామన్‌పల్లి తవ్వకం చోటుకూ మలేరి ఎర్రమట్టికీ హద్దురాళ్లు పాతి రక్షిత స్థలాలుగా ప్రకటించడానికి ఎవరి అనుమతీ ఢిల్లీ నుంచి రానక్కర్లేదు. కోటాసారస్ నమూనా ఒకటి దాని సొంత ఊళ్లో నిలబెట్టాలి. ఆ పని ముందు జరగనివ్వండి, బండ్లు వాటంతటవే వస్తాయి.