బొంగరము నేర్పిన నిలుకడ

తాడు చుట్టి విడిచిన బొంగరము తిరుగుచున్నంతవరకు ఒంటికాలిపై నిటారుగా నిలుచును. వేగము తగ్గగానే తల ఊపును. మరికొంత తగ్గగానే ఒరిగి పడును. ఇది చూడని వారుండరు. కాని సముద్రముపై ఓడ దొర్లుడును తగ్గించుటకును, చలనచిత్రపు కెమేరా వణకును మాన్పుటకును ఈ ఆటలోని సూత్రమే ఆధారమైనదని తలచువారు కొద్దిమందియే.

మత్స్యవంశపు ప్రభువుల కాలమున ఒడ్డాది యను పేర శాసనములకెక్కిన వడ్డాది, చోడవరము ప్రాంతములోని గ్రామము. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడువరకు అది విశాఖపట్టణము జిల్లాలో నుండెను. వరాహనది ఒడ్డున నున్న ఏటికొప్పాకయు ఆ జిల్లాలోనిదే. అచ్చటి పనివారు అంకుడు కర్రను లేతుపై త్రిప్పి, లక్కరంగులు పట్టించి, బొమ్మలతోపాటు బొంగరములను కూడ చేయుదురు. మంచి బొంగరమునకు బరువు నడిమి మేకు చుట్టును అన్ని వైపుల సమముగా నుండవలెను. ఒక ప్రక్క రవంత హెచ్చినను అది వణకును. ఈ సమతూకమే మనము చెప్పుకొనబోవు చరిత్రకు ప్రాణము.

1817లో బోనెన్‌బెర్గరు అను జర్మను పండితుడు ఒకదానిలో ఒకటి ఇమిడిన కడియముల నడుమ బరువైన గుండును త్రిప్పు యంత్రమును వర్ణించెను. 1852లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకో అట్టి పరికరముతో భూభ్రమణమును నిరూపించి, దానికి జైరోస్కోపు అని పేరు పెట్టెను. 1906లో ఒట్టో ష్లిక్ అను జర్మను ఇంజనీరు ఓడలో పెద్ద చక్రమును త్రిప్పి, అలలపై ఓడ ఊగులాటను తగ్గించి చూపెను.

ఆ నాటికి చలనచిత్రము పసితనములోనే యున్నది. తెలుగువారి తొలి మూకీచిత్రము ‘భీష్మప్రతిజ్ఞ’ 1921లో వెలువడెను. ఆ రోజులలో కెమేరా పిడిని సాధారణముగా చేతితోనే త్రిప్పవలెను. ఒక చేయి ఆ పనిలో నుండగా కెమేరాను నిలుకడగా పట్టుకొనుట ఎట్లు? అందుచే దానిని ముక్కాలి స్టాండుకు బిగించక తప్పినది కాదు.

ఈ చిక్కును విప్పినవాడు పోలెండు దేశీయుడు కజిమీర్ ప్రుషిన్‌స్కి. ఆయన 1875లో వార్సాలో జన్మించెను. ఆయన నిర్మించిన ఏరోస్కోపు అను కెమేరాకు 1910లో ఇంగ్లండులో పేటెంటు లభించెను. సైకిలు చక్రమునకు గాలి కొట్టినట్లు పంపుతో ముందే గాలిని నింపినచో, ఆ గాలియే ఫిల్మును నడపును. లోపలి జైరోస్కోపు చేతి వణకును అణచును. అడవి మృగములను చిత్రించినవారును, మొదటి ప్రపంచయుద్ధమున రణరంగమును చిత్రించినవారును దానిని వాడిరి.

తరువాత క్రేను వచ్చినది. పొడవైన చేయి కొననున్న కెమేరా, చేయి ఆగినను వెంటనే ఆగదు. 100 అడుగుల దూరముననున్న నటునిపై నిలిపిన కెమేరా 1 డిగ్రీ వంగినచో, గురి 20 అంగుళములకు పైగా తప్పును. జైరోస్కోపు ఈ వంపునే అడ్డగించును. కెమేరా మొత్తముగా పైకి క్రిందికి ఊగుటను మాత్రము ఆపజాలదు.

అట్టి సాధనమును స్వయముగా చేసికొన గోరువారికి రెండు చక్రములును, వానిని త్రిప్పు మోటారులును కావలెను. చక్రము తన ఇరుసు చుట్టు జరుగు కదలికను ఆపలేదు గనుక, రెండవ చక్రపు ఇరుసు మొదటిదానికి అడ్డముగా నుండవలెను. తిరుగు చక్రమును ఒక వైపునకు త్రోసినచో అది అడ్డవైపునకు మళ్లును. అందుచే చక్రమును కెమేరాకు గట్టిగా బిగించక, కొంత ఒరుగుటకు వీలైన చట్రములో నుంచి, ఆ ఒరుగుడుకు మెత్తని బ్రేకు వేయవలెను. బరువంతయు అంచుననే యున్నచో, అదే బరువుతో వ్యాసము రెట్టింపు చేసినపుడు చక్రపు పట్టు నాలుగు రెట్లగును. వేగము రెట్టింపైనపుడు పట్టు రెండు రెట్లే. అంచును చీల్చు బలము మాత్రము నాలుగు రెట్లు! కావున దృఢమైన మూత తప్పనిసరి. ఇక సమతూకము చెడిన చక్రము, వణకును మాన్పుటకు మారుగా తానే కొత్త వణకును పుట్టించును.

1932లో ‘భక్తప్రహ్లాద’తో తెలుగుచిత్రము మాటలాడ నేర్చెను. టాకీలలో కెమేరా చప్పుడునే మూతపెట్టి అణచవలసివచ్చెను. తిరుగు చక్రముల హోరు మైక్రోఫోనుకు మరియొక శత్రువు. 1976లో తెరకెక్కిన గారెట్ బ్రౌన్ గారి స్టెడీకాం చక్రములనే విడిచి, కెమేరా బరువును దూరదూరముగా పంచి, స్ప్రింగుల చేతిపై నిలుకడ సాధించెను. నేటి సెల్‌ఫోనులలోని జైరోస్కోపులో చక్రమే లేదు. కంపించు సూక్ష్మమైన తునక కదలికను పసిగట్టగా, కటకమో, మోటారో, గణనమో దానిని సవరించును.

ఇంతటి ప్రయాణమునకు దారి తీసిన ప్రుషిన్‌స్కి చివరి దినములు దారుణమైనవి. 1944లో వార్సాలో నాజీలు ఆయనను నిర్బంధించిరి. 1945 మార్చిలో, ఐరోపాలో యుద్ధము ముగియుటకు రెండు నెలల లోపుననే, మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరమున ఆయన కన్నుమూసెను. చూచువాని కంటికి వణకు తెలియనీయని చిత్రమును కోరినవానికి, లోకము నిలుకడ తప్పిన కాలమున ప్రాణమే దక్కలేదు.

నిలుకడ యనగా కదలకుండుట కాదు, సమతూకము తప్పక కదలుట. పల్లెలో బొంగరము చెక్కు పనివాని చేతికి తెలిసిన ఈ సత్యమునే ప్రుషిన్‌స్కి కెమేరాకు నేర్పెను. తెరపై చిత్రము తొణకక సాగినపుడు ఆ ఇరువురిని స్మరించుట న్యాయము.